దిండులో పువ్వులు

మా మేడమ్ తన దిండును ఫ్రీజర్‌లో పెట్టి ఇంగ్లండు వెళ్లిపోయింది.

పంతొమ్మిది వందల తొంభై, ఆగస్టు నెల. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన రెండు వారాలకే, పక్క దేశంలో మేముండే చమురు ఊరు రాస్ తనూరాలో తెల్లవాళ్ల ఇళ్లన్నీ బోసిపోయాయి. ఆడవాళ్లు, పిల్లలు విమానాలెక్కేశారు. మా సారు ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజినీరు, ఆయన ఉండిపోయాడు. ఆ ఇంట్లో వంటమనిషిని గనక నేనూ ఉండిపోయాను. గడ్డకట్టిన కోళ్ల పక్కన, ప్లాస్టిక్ సంచిలో చుట్టి దారంతో బిగించిన ఆ దిండును చూసినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. దిండును ఎవరైనా చలిలో దాస్తారా? అందులో ఏదో ఉంది. పోలీసులు వస్తే ముందు అడిగేది వంటమనిషినే. ఏడు నెలలు దానికి చెయ్యి తగలకుండా కోళ్లు తీసుకున్నాను.

చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, చెడు ఎటునుంచి వస్తుందో ఊహించడంలో మాత్రం నేను అందరికంటే ముందుంటాను. మాది కోనసీమ. మా ఆయన పోయాక ఈ దేశం వచ్చాను. మా అబ్బాయి గోపాలకృష్ణ చమురు ట్యాంకులకు రంగు వేసే పనిలో ఉన్నాడు. సారును బతిమాలి ఆ వీసా తెప్పించింది నేనే. ఒక్కగానొక్కడు, కళ్ల ముందుంటాడని తెప్పించాను. తీరా వచ్చాక వాడు అంతెత్తున తాళ్లకు వేలాడుతుంటే ఇక్కడ వంటింట్లో నేను దేవుళ్లకు మొక్కుకుంటూ ఉండేదాన్ని. అప్పటికి వాడికి ఇరవై మూడేళ్లు. కంపెనీ క్యాంపులో గదికి ఆరుగురు. శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నం మా వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని, నేను వండింది తిని, వారం సంగతులు చెప్పి వెళ్లేవాడు. వారం మొత్తంలో నాకంటూ ఉన్నది ఆ ఒక్క పూట.

ఆ పూటలోకి భోజన్న వచ్చాడు.

భోజన్నది ఆర్మూరు దగ్గర పల్లె. యాభై దాటాయి. ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. మోకాలు దెబ్బతిని, చెట్లెక్కడం మానేసి, ఇక్కడ పైపులు బాగుచేసే పనికి వచ్చాడు. క్యాంపులో గోపీ మంచం పక్కనే ఆయన మంచం. జనవరిలో యుద్ధం మొదలై, క్షిపణులు వస్తున్నాయని తొలిసారి సైరన్ మోగినప్పుడు గోపీ గ్యాస్ మాస్కు పట్టీలు చిక్కుపడ్డాయట. అందరూ బయటికి పరిగెత్తుతుంటే భోజన్న తన మాస్కు పక్కన పడేసి ముందు వీడికి తొడిగాడట. మొదటిసారి విన్నప్పుడు ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను. రెండోసారి చెప్పినప్పుడు ఊఁ అన్నాను. మూడోసారి చెప్పినప్పుడు నాకు అన్నం సహించలేదు. సైరన్ మోగిన ఆ పది నిమిషాలు నేను బల్ల కింద దూరి వాడి పేరే అనుకుంటూ ఉన్నాను. అది ఎవరూ చూడలేదు గనక లెక్కలోకి రాలేదు.

అప్పటినుంచి గోపీ శుక్రవారాల్లో ఆయన్నీ వెంటబెట్టుకు రావడం మొదలుపెట్టాడు.

"ఏం వదినె, బాగున్నవా?" అనేవాడు భోజన్న చెప్పులు విడుస్తూ.

"నేనెప్పుడు మీకు వదిననయ్యానండీ?" అన్నాను ఒకసారి.

"అక్కా అంటే నాకన్న పెద్దదానివైతవ్, కోపమొస్తది. చెల్లె అంటే పండుగకు చీరె అడుగుతవ్. వదినె అంటే ఎవలకు నష్టం లేదు."

గోపీ పొలమారేంతగా నవ్వాడు. నా దగ్గర వాడు అలా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

ఫిబ్రవరి చివర్లో యుద్ధం ముగిసింది. కువైట్‌లో తగలబడుతున్న బావుల పొగ సముద్రం వెంబడి వచ్చి పట్టపగలే లైట్లు వేయించేది. ఆరేసిన దుప్పట్ల మీద నల్లటి చుక్కలు పడేవి. ట్యాంకుల పని ఆగిపోయింది. మనుషుల్ని కొందరిని హుఫూఫ్‌కు, కొందరిని బురైదాకు, ఎక్కడో ఎడారి లోపలి ఊళ్లకు పంపేస్తున్నారు, మిగిలినవాళ్లకు ఎగ్జిట్ కొట్టి స్వదేశం పంపేస్తున్నారు. మా సారు వాళ్ల వరసలోని ఇళ్ల మరమ్మతుకు మాత్రం ఒక మనిషిని ఉంచుకోవచ్చని ఆఫీసు ఒప్పుకుంది. ఒక్కడినే. మా వంటింటి వెనక గది ఆ మనిషికిస్తారు. గోపీని ఉంచుకుంటానన్నాడు సారు. మేడమ్ వచ్చి స్థిమితపడ్డాక కాగితం మీద సంతకం పెడతానన్నాడు. నాకింక ఈ ప్రపంచంలో ఏమీ అక్కర్లేదనిపించింది. గోడకు అవతల వాడు, ఇవతల నేను. దగ్గితే వినపడుతుంది.

మేడమ్ రంజాన్ పండుగ అయ్యాక వస్తుంది. వచ్చేసరికి ఆమెకిష్టమైన బీరు తయారుగా ఉండాలని సారు కోరిక. దాన్ని పేల్ ఏల్ అంటారు, లేత తేనె రంగులో ఉంటుంది. ఈ దేశంలో అది పట్టుబడితే జైలు, కొరడా దెబ్బలు, ఆపైన విమానం ఎక్కించెయ్యడం. అయినా తెల్లవాళ్లు గుట్టుగా ఇళ్లలో చేసుకుంటూనే ఉండేవారు. మా సారూ వెనక బాత్రూములో చేసేవాడు, నేను ఆ తలుపు వైపు చూడకుండా నడిచేదాన్ని. ఈసారి సారుకు తీరిక లేదు. సముద్రంలో తేలుతున్న చమురు తెట్టు పనిలో పొద్దుపోయేదాకా బయటే ఉంటున్నాడు. అందుకని గోపీని సాయం అడిగాడు. గోపీ భోజన్నను తీసుకొచ్చాడు.

"రంజాన్ నెల్రా ఇది. మిగతా నెలల్లో పట్టుబడితే ఒక దెబ్బ, ఇప్పుడైతే రెండు" అన్నాను.

"ఏం కాదే అమ్మా. సారు ఇంట్లోకి ఎవడొత్తాడు?"

"పైపులోంచి వాసన పోద్ది."

"పైపులు చూసేది నేనే గద వదినె" అన్నాడు భోజన్న. "కంప్లయింట్ వచ్చినా నా దగ్గరికే వస్తది. నేనే పోయి నన్నే పట్టుకొస్త."

ఆ రోజే సారు దిండు బయటికి తీసి కుట్లు విప్పాడు. లోపల దూది లేదు. ఎండిన పువ్వులున్నాయి. లేత ఆకుపచ్చవి, కాగితం రేకులు ఒకదాని మీద ఒకటి అంటించినట్టున్న చిన్న చిన్న బుడిపెలు. వాటిని హాప్స్ అంటారట. బీరుకు చేదూ సువాసనా వాటివల్లేనట. నిద్ర పట్టడానికి ఆ పువ్వుల దిండు వాడతారని చెప్పి మేడమ్ కస్టమ్స్ వాళ్లను దాటించిందట. ఇక్కడ కొందామంటే దొరకవు. ఉన్నవి ఆ దిండులోవే. ఇన్నాళ్లూ నేను పువ్వులకు భయపడ్డానా అనుకున్నాను. అనుకున్నా గాని భయం పోలేదు, దిండు మీంచి డ్రమ్ము మీదికి మారింది.

రొట్టెలు చేసేవాళ్ల కోసం అమ్మే మాల్టు పాకం డబ్బాలు తెచ్చి పెద్ద గిన్నెలో నీళ్లు పోసి కాచారు. మరిగేటప్పుడు సగం పువ్వులు అందులో వేశారు. చల్లార్చి, వడగట్టి, తెల్లటి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, పులియడానికి ఈస్టు చల్లి మూత బిగించారు. మూతకు నీళ్లు నింపిన వంకర గొట్టం. లోపలి గాలి అందులోంచి బుడబుడమంటూ పోతుంది. మిగిలిన సగం పువ్వులు మళ్లీ సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టారు. ఇదంతా ఎందుకు, ఎప్పుడు అనేది సారు బాత్రూములో నిలబడి వాళ్లిద్దరికీ చెప్పాడు. నేను లోపలికి వెళ్లలేదు, నన్ను పిలవనూ లేదు.

తరువాత వారం రోజులు భోజన్న పని కాగానే వచ్చి డ్రమ్ముకు చెవి ఆనించేవాడు.

"ఇంకా ముచ్చట పెడ్తున్నది" అనేవాడు.

గోపీ రెండో వైపు చెవి పెట్టేవాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని, డ్రమ్ముకు చెరో పక్క. తలుపు సందులోంచి చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. వాడు నా కడుపులో ఉన్నప్పుడు వాళ్ల నాన్న అలాగే చెవి పెట్టి వినేవాడు. అప్పటి ఆ చప్పుడు నాది. ఈ డ్రమ్ములో ఏముందని?

"ఈ పిలగానికి ముక్కున్నది వదినె" అన్నాడు భోజన్న వంటింట్లోకి వచ్చి. "వాసన జూసి ఎన్నో దినమో చెప్తడు. మా ఊళ్లె పుట్టుంటే మంచి గీత కార్మికుడైతుండె."

"ఆ ముక్కు నాదండి. ఆరేళ్లప్పుడే ఆవకాయ జాడీ మూత తీసి ఉప్పు తక్కువైందని చెప్పేవాడు."

"అది వేరే అమ్మా" అన్నాడు గోపీ.

అది వేరట. నేను కూర కలుపుతూ ఉండిపోయాను. వాడు పుట్టినప్పటినుంచి నా చేతి వంట తింటున్నాడు. బాగుందనిగాని బాగోలేదనిగాని అనడం మానేసి చాలా కాలమైంది. అదే భోజన్న ఒక గరిటెడు బురద నీళ్లు పైకి తీసి ఇస్తే, నాలుక మీద పెట్టుకుని, తల పక్కకు వంచి, నిమిషం సేపు ఆలోచించి మరీ చెబుతున్నాడు. "బాబాయ్, నిన్నటికన్నా తీపి తగ్గింది." బాబాయ్.

తొమ్మిదో రోజుకు బుడగలు ఆగాయి. శుక్రవారం. గోపీ ఫ్రీజర్‌లోంచి పువ్వుల సంచి తీసి నా ముందు పెట్టాడు.

"అమ్మా, ఈ గుడ్డ సంచిని మరిగే నీళ్లలో వేసి తియ్యి. పువ్వులు అందులో పోసి మూతి కట్టు. ఈలోగా మేం సీసాలు కడుగుతాం."

వాళ్ల పనిలో నాకంటూ ఒక పని ఇవ్వడం అదే మొదలు. గుడ్డ సంచి మరిగించి పిండాను. పువ్వుల సంచి విప్పాను. ఫ్రీజర్ చెమ్మకు రేకులు మెత్తబడి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే చల్లదనమే తప్ప వాసన లేదు. తడి దినుసు పచ్చిగా వేస్తే బూజు పడుతుంది. బూజు విషమవుతుంది. మేడమ్ తాగి పడిపోతుంది. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు ఏం తాగావని అడుగుతాడు, అక్కడినుంచి పోలీసులు, అక్కడినుంచి మా గోపీ. ఇదంతా నాకు ఆ గుప్పెట్లో కనిపించింది. పైగా మొదటి సగం పొయ్యి మీద మరిగించారు కదా, రెండో సగం పచ్చిగా ఎందుకు వేస్తారు? వంట చివర్లో వేసేది పోపు. పోపు పచ్చిగా వేసేవాళ్లను నేను చూడలేదు. ధనియాలైనా, మెంతులైనా, కరివేపాకైనా సెగ తగిలితేనే పరిమళం.

ఇవన్నీ నిజమే. ఇంకొకటి కూడా నిజం. మేడమ్ గ్లాసు ఎత్తి, ఇంత కమ్మటి వాసన ఎవరి చెయ్యి అని అడగాలి. గోపీ మా అమ్మ అని చెప్పాలి. భోజన్న వినాలి.

ఇనుప మూకుడు పెట్టి, సన్నటి సెగ మీద ఆ పువ్వులు వేయించాను. చెమ్మ ఆరి గలగలలాడాయి. అంచులు గోధుమ రంగు తిరిగేసరికి ఘాటైన వాసన లేచింది. కిటికీలో ఫ్యాను వేశాను. నాకు సంతోషంగా ఉంది. చల్లార్చి, సంచిలో పోసి, మూతి బిగించి ఇచ్చాను. వాళ్లిద్దరూ తలుపు మూసుకుని క్లోరిన్ నీళ్లతో సీసాలు కడుగుతున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కులు పని చెయ్యడం లేదు. గోపీ సంచి అందుకుని చూడకుండా డ్రమ్ములో దించి మూత పెట్టేశాడు.

నాలుగు రోజుల తరువాత సీసాల్లోకి పోశారు. ద్రాక్షరసం అమ్మే సీసాలు అవి, తీగతో బిగించే మూతలు. భోజన్న అడుగున మిగిలింది గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"రెండు వారాలు సీసాల ఉండనీ. సర్దుకుంటది" అన్నాడు, గ్లాసు సింకులో వంపేస్తూ. వెళ్లేటప్పుడు వంటింట్లో ఆగి, గోడకు తగిలించిన నా మూకుడు వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

పండుగ వెళ్లిన వారానికి మేడమ్ వచ్చింది. ఆ సాయంత్రం సారు మా ముగ్గురినీ భోజనాల గదిలోకి పిలిచాడు. మంచి చొక్కా వేసుకున్నాడు. సీసా మూత తీస్తే నురగ చక్కగా వచ్చింది, రంగు చక్కగా ఉంది. మేడమ్ నవ్వుతూ గ్లాసు ఎత్తింది. ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకుని, కష్టపడి మింగింది. గ్లాసు కింద పెట్టి సారు చెయ్యి నిమిరింది. సారు తన గ్లాసు రుచి చూశాడు. ముఖం మాడిపోయింది.

"కాలిన గడ్డిలా ఉంది" అన్నాడు ఇంగ్లీషులో. ఆ మాత్రం నాకు అర్థమైంది. "రెండోసారి వేసే పువ్వులకు వేడి తగలకూడదని చెప్పానా లేదా? ఎవరు చేశారు?"

అడిగింది గోపీని. ఎనిమిది నెలలు భార్య కోసం ఎదురుచూసిన మనిషి. ఆ దిండు తప్ప వేరే పువ్వులు లేవు. సంతకం పెట్టాల్సిన కాగితం ఆయన బల్ల మీదే ఉంది. గోపీ నోరు తెరిచాడు. నేను చెప్పాలి. కళ్ల ముందు ఆ వెనక గది, దాని గోడ.

"సాబ్, మైనే కియా" అన్నాడు భోజన్న. పువ్వులు తడిగా ఉన్నాయని పొయ్యి మీద ఆరబెట్టాననీ, పిల్లవాడికి తెలియదనీ వచ్చిన నాలుగు హిందీ, ఇంగ్లీషు మాటల్లో చెప్పి తల దించుకున్నాడు.

నాలుగో రోజున గోపీ సామాను వెనక గదిలోకి వచ్చింది. భోజన్న హుఫూఫ్ బస్సెక్కాడు. అక్కడ కంపెనీ నాలుగంతస్తుల భవనం కడుతోంది.

అనుకున్నవన్నీ జరిగాయి. రోజూ గోడ అవతల వాడి దగ్గు వినిపించేది. నాకు తెలిసినవన్నీ వండాను. వాడు తిని, గిన్నె కడిగి, గదిలోకి వెళ్లిపోయేవాడు. మాట్లాడితే హుఫూఫ్ సంగతే. అక్కడ ఎండెంత, బాబాయ్ మోకాలు ఎలా ఉంది, గదిలో కూలర్ ఉందో లేదో. శుక్రవారం తెల్లారగానే కంపెనీ బస్సులో అక్కడికి వెళ్లి పొద్దుగూకాక వచ్చేవాడు. అంతకుముందు వారానికి ఒక పూటైనా నాది అయ్యేది. ఇప్పుడు మనిషి నా పక్కనే ఉన్నాడు, ఆ పూట పోయింది.

బీరు పాడుచేసినవాడి మీద ఇంత ప్రేమేమిటి? ఇదే నన్ను తొలిచేసింది. తప్పు చేశాడని తెలిసి కూడా ఆయన కోసం మందులు కొంటున్నాడు, మోకాలికి పట్టీ కొంటున్నాడు. ఆ తప్పు నాది. అది నా దగ్గర ఉంటే ఆ క్షమించడం, ఆ జాలి నాకు దక్కేవి. నా కొడుకునే కాదు, నా తప్పును కూడా ఆయనే ఎత్తుకుపోయాడు. రెండు నెలలు ఇలా ఉడికాను. జూన్ చివర్లో ఒక పొద్దున, వాడు టిఫిన్ తింటుంటే ఎదురుగా కూర్చున్నాను.

"గోపీ, ఆ పువ్వులు వేయించింది నేను."

వాడు తల ఎత్తలేదు. "తెలుసే."

"ఎవరు చెప్పారు?"

"సీసాలు నింపిన రోజే బాబాయ్ చెప్పాడు. మూకుడు వాసనొచ్చిందంట. మీ అమ్మతో అనకు, భయపడతది అన్నాడు."

సిగ్గుకంటే ముందు మంట వచ్చింది నాకు. రెండు నెలలు, అంతకు ముందు సీసాలు మాగిన రెండు వారాలు, వాళ్లిద్దరికీ ఒక రహస్యం. నా సంగతి నన్ను బయట నిలబెట్టి దాచుకున్నారు.

"మరి నన్నెందుకు అడగలేదురా?"

"నువ్వే చెప్తావని చూశాను."

"చెప్తే గది పోద్దని..."

"పోతే పోనీ అమ్మా. ఆయనకి మోకాలు వంగట్లేదు. ఆ ఎండలో నాలుగంతస్తులు సిమెంటు మోత్తన్నాడు. పైపుల పని కూడా ఇవ్వలేదు."

నేను లేచి, చేతులు తుడుచుకుని, సారు దగ్గరికి వెళ్లాను. ఇది మంచితనమని నేను చెప్పను. నా వస్తువు నేను తెచ్చుకోవడానికి వెళ్లాను. సారూ మేడమూ టీ తాగుతున్నారు. "ఫ్లవర్, మీ. పాన్, మీ. భోజన్న, నో" అన్నాను. అర్థం కాలేదు. వంటింట్లోంచి మూకుడు తెచ్చి, గరిటెతో తిప్పి చూపించాను. మేడమ్‌కు ముందు అర్థమై, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. సారు నవ్వలేదు. అప్పుడెందుకు చెప్పలేదని అడిగాడు.

"సన్" అన్నాను.

ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. భోజన్నను తిరిగి తెప్పించగలనన్నాడు. కాని ఆఫీసు ఒప్పుకున్నది ఒక్క మనిషికే అన్నాడు.

"ఓకే సార్. నేను వెళతాను" అన్నాడు గోపీ నా వెనకనుంచి. నా వెంట వచ్చాడని అప్పటిదాకా చూడలేదు.

ప్రతి మూలా చెడును ముందే చూసేదాన్ని. ఇది మాత్రం చూడలేదు.

వాడు వెళ్లే రోజు నీళ్ల సీసా, టోపీ, తాళ్లు, మెట్లు అన్నీ గుర్తుచేశాను. వాడు అన్నింటికీ సరే అన్నాడు. బస్సెక్కేముందు ఒకసారి నా భుజం మీద చెయ్యి వేశాడు. అదే బస్సు సాయంత్రానికి భోజన్నను దించింది. మనిషి నల్లబడిపోయాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ట్రంకుపెట్టె గదిలో పెట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈ మనిషికి రోజూ వండిపెట్టాలి. గోడ అవతల దగ్గు ఇకనుంచి ఈయనది. కంచం ఆయన ముందు పెట్టాను. క్షమించమని అడగాలనుకున్నాను, నోటికి వేరే మాట వచ్చింది.

"వాడు అక్కడికి వచ్చినప్పుడు సరిగా తినేవాడా?"

"ఏం తింటడు వదినె" అన్నాడు అన్నం కలుపుతూ. "మూడు శుక్రవారాలు నాతోటి చేపల పులుసు చేయించిండు. చింతపండు ఎక్వైందని ఒకసారి, బెల్లం ఎయ్యలేదని ఒకసారి. మా అమ్మ గిట్ల చెయ్యదు, మా అమ్మ గట్ల చేస్తది. మూడోసారి కూర గంటె కింద పడేసి, మీ అమ్మ దగ్గరికే పోరాదుర అన్న. నాకెంత కడుపు మండిందో నీకెర్కనా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. అవతలివాళ్ల కోసం తొణక్కుండా అబద్ధం చెప్పగల మనిషని నాకు బాగా తెలుసు. ఇది అలాంటిదో కాదో తేల్చుకోలేకపోయాను. ఇంకొంచెం కూర వడ్డించి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఏమన్నాడో మళ్లీ చెప్పండి" అన్నాను. "మొదటినుంచి."